ముందు టైర్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి నేనే చెప్పేసుకుంటే మా ఆవిడకి ఆ శ్రమ తప్పుతుందని మొదటే చెప్పేస్తున్నాను. ముప్పై ఏళ్లుగా లేత్ మిషను మీద పని చేస్తున్నాను. ఎంత మొండి ఇనుప కడ్డీనైనా వెంట్రుకవాసి తేడా లేకుండా కావలసిన కొలతకి తీసుకొస్తాను. మాటల్ని కొలతలో ఉంచుకోవడం మాత్రం యాభై రెండేళ్లొచ్చినా చేతకాలేదు. ఆ చేతకానితనం వల్ల మా చెల్లెలు తన పనే వదులుకునేదాకా వచ్చింది.

మా చెల్లెలు ఆంబులెన్సు నడుపుతుంది. పదకొండేళ్ల సర్వీసు. నలభై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా చిట్టే. నా షెడ్డుకి రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఒక ఉదయం షెడ్డు బయట పెద్ద చప్పుడైతే, ఏ కంప్రెసరో పేలిందనుకుని పరిగెత్తాను. ఆకుపచ్చ కారు ఒకటి నిలబడి ఉంది. రెండే తలుపులు, ఎత్తు నా ఛాతీ దాకా కూడా లేదు. లోపలి నుంచి చిట్టి తల బయట పెట్టి నవ్వుతోంది. స్పోర్ట్స్ కారట, పద్దెనిమిదేళ్ల పాతదట, కొనేసిందట.

పద్దెనిమిది నిండాయంటే దీనికి ఓటు హక్కు కూడా వచ్చినట్టే, ఇక నీ మాటేం వింటుంది అన్నాను. ఇందులో కూర్చోవాలంటే మోకాళ్లు విప్పి ఇంట్లో పెట్టి రావాలి అని కూడా అన్నాను. ఇన్ని అన్నాక నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోవాల్సింది. కానీ బానెట్ ఎత్తి చూడకుండా ఉండలేకపోయాను. అలా ఇరుక్కున్నాను.

చిట్టికి ఆ బండి ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒకసారి మా ఆవిడతో చెబుతుంటే విన్నాను. ఆంబులెన్సు నడిపేటప్పుడు దాని ధ్యాసంతా వెనక పడుకున్న మనిషి మీదే ఉంటుందట. గుంత వస్తే అయ్యో, మలుపు వస్తే అయ్యో. పదకొండేళ్లుగా ఎవరికీ కుదుపు తగలకుండా నడిపి నడిపి, సెలవు రోజైనా తన కోసం తను నడుపుకోవాలనిపించిందట. ఊరి చివర ట్రాక్ ఒకటి ఉంది. నాలుగు వారాలకో ఆదివారం ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని అక్కడ నడుపుకోవచ్చు. పోటీ కాదు, కప్పులూ లేవు. చిట్టి అక్కడి నుంచి వచ్చిన రోజున దాని ముఖం చూస్తే పదేళ్లు తగ్గినట్టుండేది.

అలా బండిని కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వచ్చాం. కంపెనీవాళ్లవి కాకుండా వేరేవాళ్లు తయారు చేసే పార్టులుంటాయి, వాటిని మేం బయటి పార్టులంటాం. మొదట సీటు మార్చాం, ఎందుకంటే పాత సీటులో స్ప్రింగు ఒకటి డ్రైవర్ని పొడుస్తూ ఉండేది. తర్వాత చిన్న స్టీరింగు. అది పాత కడ్డీకి పట్టకపోతే మధ్యలో వచ్చే ముక్కని నేనే లేత్ మీద తీశాను. ఆ తర్వాత బ్రేకులు, పొట్టి గేరు లివరు, ఎయిర్ ఫిల్టరు. సైలెన్సరు మార్చిన రోజున మాత్రం పక్కింటాయన వచ్చి, దీన్ని ఇంకా సైలెన్సరనే అంటారా అని చాలా మర్యాదగా అడిగి వెళ్లాడు.

అన్నిటికీ చిట్టిది ఒకటే పద్ధతి. ఒకసారికి ఒక్క పార్టే. మార్చాక నెల రోజులు నడిపి, చేతికి ఏం తేడా తెలుస్తోందో చూసుకుని, అప్పుడే రెండోది. రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది అనేది. నాకు విసుగొచ్చేది గానీ, దాని మాటలో న్యాయం ఉందని లోపల తెలుసు.

ఈ పార్టులన్నీ తెప్పించి ఇచ్చేది మాస్టారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక రెండు గదుల కొట్టు పెట్టుకున్నారు. బండ్ల గురించి ఆయనకి తెలియనిది లేదు. ఎదురుగా కూర్చుంటే గంటలు గంటలు మాట్లాడతారు. ఫోనులో మెసేజీ పంపమంటే మాత్రం, వేళ్లు అరిగిపోతాయేమో అన్నట్టు రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటారు.

ఈ ఏడాది చిట్టి కన్ను ఇంజను మీద పడింది. పవరు పెంచే కిట్ ఒకటి ఉందట. అది వేస్తే క్లచ్ మార్చాలి, టైర్లు మార్చాలి, ఇంకా ఏవేవో. ఏ పని తర్వాత ఏ పని చేయాలో కనుక్కోమంటే మాస్టారికి మెసేజీ పెట్టి అడిగాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "ముందు టైర్లు మార్చండి. మిగతావి తర్వాత."

మర్నాడు కొట్టుకి వెళ్లాను. మాస్టారు ఊళ్లో లేరు, వాళ్లమ్మాయి కౌంటర్లో ఉంది. ముందు టైర్లు కావాలన్నాను. ఆ అమ్మాయి సైజు అడిగి, రెండు తీసి ఇచ్చింది. ట్రాక్ మీద నడపడానికే చేసిన రకం. రబ్బరు ఎంత మెత్తనంటే గోరు గుచ్చితే దిగుతుంది. ఒకసారి రోడ్డుని పట్టుకుంటే వదలవు. ఆ రోజే బిగించేసి చిట్టిని పిలిచాను.

అది వచ్చి బండి చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది.

"మరి వెనకవో, అన్నయ్యా? ఇవి బాగా అరిగిపోయినట్టున్నాయి."

నేను ఫోను తీసి దాని ముఖం ముందు పెట్టాను. "చదువుకున్నదానివేగా, చదువు. ముందు టైర్లు. మిగతావి తర్వాత."

అది చదివింది. మళ్లీ చదివింది. మాస్టారి మాట మీద దానికి గురి. నా నోరంటే భయం. సరేలే అని లేచింది.

ఆ ఆదివారం నేనూ ట్రాక్ దగ్గరికి వెళ్లాను. రెండు చుట్లు బాగానే వేసింది. మూడో చుట్టులో, ఆఖరి మలుపు దగ్గర, బండి ముక్కు చక్కగా తిరిగింది గానీ తోక పక్కకి జారిపోయింది. చూస్తుండగానే బండి బొంగరంలా రెండు సార్లు తిరిగి, వెనక్కి వెళ్లి, గోడకి అడ్డంగా పేర్చిన పాత టైర్ల గుట్టకి గుద్దుకుంది. ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. నేను వెళ్లేసరికి చిట్టి తనంతట తనే బయటికొచ్చి మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ ఇరవై మంది పోగయ్యారు.

దెబ్బ తగిలిందా అని అడగాలి. ఏ అన్నయినా అదే అడుగుతాడు. నాకు భయం వేస్తే అది నోట్లోంచి కోపంగానే బయటికొస్తుంది.

"చేతులు ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావు? నీ ఆంబులెన్సు ఎక్కేవాళ్లని ఆ దేవుడే కాపాడుతున్నట్టున్నాడు."

చిట్టి వంగి, ఊడిపడిన బంపరు ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంది. ఎవరో దానికి నీళ్లిచ్చారు. బండిని లారీ మీద వేసుకుని నా షెడ్డుకి తెచ్చి, మూలన పెట్టి, తనే దాని మీద పట్టా కప్పేసింది. ఆ తర్వాత షెడ్డు వైపు రావడం మానేసింది.

ఆరు రోజుల తర్వాత బంపరు క్లిప్పుల కోసం మాస్టారి కొట్టుకి వెళ్లాను. క్లిప్పులు వంక మాత్రమే. అసలు పని దెబ్బలాట. మీ టైర్ల నిర్వాకం ఇదీ అని మొదలుపెట్టి పావుగంట దులిపేశాను. మాస్టారు ఓపిగ్గా అంతా విని, వెనక కూడా అదే రకం వేశారా అని అడిగారు.

"వెనకవి మార్చలేదండీ. మీరు ముందు టైర్లే కదా మార్చమన్నారు."

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముందు అంటే ముందుగా అని, నాయనా. ఇంజను జోలికి వెళ్లకముందు అని. నాలుగు టైర్లూ."

ఆ తర్వాత ఆయన పాఠం చెప్పినట్టు విడమరిచి చెప్పారు. కొత్త టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకుని ముక్కుని మలుపు తిప్పేశాయి. వెనకవాటికి ఆ పట్టు లేదు, అందుకే జారిపోయాయి. అలాంటి బండిని ఆ వేగంలో నిలబెట్టడం తన తరం కూడా కాదన్నారు. గోడకి కాకుండా టైర్ల గుట్టకి తగిలించి ఆపిందంటే మీ చెల్లెలి చేతులు గట్టివే అన్నారు. మాట పొదుపు చేసింది తను కాబట్టి ఇప్పుడే ఫోను చేసి చెబుతానని ఫోను అందుకున్నారు కూడా. నేనే వద్దన్నాను.

"నేను చెప్తానండీ. ఇవాళే చెప్తాను."

ఆ ఇవాళ పంతొమ్మిది రోజులు సాగింది.

మొదటి రోజు దానికి డ్యూటీ. రెండో రోజు నాకు జలుబు. మూడో రోజు ఫోను చేసి, బంపరు దొరికిందని చెప్పి పెట్టేశాను. ఇలా రోజుకో సాకు దొరికేది, దొరకనప్పుడు నేనే తయారు చేసుకునేవాణ్ణి, పనివాణ్ణి కదా. మధ్యలో మిగతా రెండు కొత్త టైర్లు తెచ్చి వెనక బిగించేశాను. బంపరు సరిచేశాను. చిట్టి ఎప్పటికైనా వస్తుంది, బండి ఎక్కుతుంది, అంతా బాగుంటుంది, ఇక నేను నోరు విప్పే అవసరం ఉండదు అని నా తెలివి. ఇరవై మంది ముందు ఆ మాట అన్నవాణ్ణి, ఇప్పుడు వెళ్లి తప్పు నాదని ఎలా చెప్పను? తల కొట్టేసినట్టు ఉండేది.

ఒక గురువారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే, మా ఆవిడ చిట్టి దగ్గర్నుంచి అప్పుడే వచ్చింది. డ్రైవింగు డ్యూటీ వద్దు, ఫోన్లు ఎత్తే సెక్షనులో వెయ్యండి అని చిట్టి దరఖాస్తు రాసుకుందట. శనివారం ఇచ్చేస్తుందట. స్టీరింగు ఎప్పుడు తిప్పాలో చేతులకి తెలియలేదు వదినా, వెనక మనిషి ఉన్నప్పుడు కూడా అలాగే అయితే ఎలా, అందట. ఆంబులెన్సు స్టీరింగు పట్టుకుంటే ఈ మధ్య వేళ్లు చల్లబడిపోతున్నాయట.

నా ముఖం చూసి మా ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. ఏం దాస్తున్నారని అడిగింది. ఆమె దగ్గర అబద్ధం చెప్పి నెగ్గిన చరిత్ర నాకు లేదు. అంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"మెసేజీ తప్పుగా ఎవరైనా చదువుతారు. ఆ పిల్ల తన చేతులు చూసుకుని తనే భయపడుతుంటే, మీకు తెలిసుండి కూడా ఇన్ని రోజులు ఇంత అన్నం ఎలా దిగిందండీ గొంతులోంచి?"

ఆ రోజు దిగలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను.

ఆంబులెన్సు స్టేషనులో చిట్టి బండి వెనక తలుపులు తీసి, కట్టు బట్టలూ సెలైన్ సీసాలూ లెక్క చూసుకుంటోంది. నన్ను చూసి వదినకి ఏమైనా అయిందా అని గాభరా పడింది. ఏమీ కాలేదని చెప్పి, అక్కడే నిలబడి మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. ముందు అన్న మాట, మాస్టారు చెప్పింది, రెండే టైర్లు, అన్నీ. తప్పు నాది, నీ చేతులది కాదు అన్నాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిది రోజులైంది."

అది చేతిలో ఉన్న కట్టు చుట్టని అరలో పెట్టింది. పెట్టినదాన్ని మళ్లీ తీసింది. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు.

"ఇన్నాళ్లూ నాకు కంటి మీద కునుకు లేదు, అన్నయ్యా. నువ్వు చెప్పేది నిజమో, దరఖాస్తు సంగతి విని నా మీద జాలితో కల్పించావో, ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

మాస్టారి చేత చెప్పిస్తానన్నాను. అక్కర్లేదంది. మాటలు ఎవరు చెప్పినా మాటలేనంది. పాత వెనక టైర్లు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. రేపు వాటినే మళ్లీ వెనక బిగించి, కొత్తవాటిని కూడా వెంట తెమ్మంది. స్టేషను వెనక కొత్త డ్రైవర్లకి నేర్పే సిమెంటు మైదానం ఉంది, రేపు అక్కడ ఎవరూ ఉండరట.

శుక్రవారం మధ్యాహ్నం పాత టైర్లతో ఉన్న ఆ బండిని నేనే నత్తనడకన నడిపి తీసుకెళ్లాను. చిట్టి అప్పటికే పైపు పెట్టి మైదానమంతా తడిపి, ఒక పెద్ద గుండ్రంగా ప్లాస్టిక్ కోన్లు పేర్చింది. తడి నేల మీదయితే తక్కువ వేగంలోనే తేడా తెలిసిపోతుందట, గుద్దుకోవడానికి చుట్టుపక్కల ఏమీ లేదట. డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టి, తీసి, ప్యాంటుకి తుడుచుకుని, మళ్లీ పెట్టింది. పక్క సీట్లో నన్ను కూర్చోమంది. నా ప్రాణం మీద నాకున్న తీపి అప్పుడు తెలిసింది. కూర్చున్నాను.

మొదటి చుట్టు మెల్లగా వెళ్లింది, ఏమీ కాలేదు. రెండోది కాస్త పెంచింది. మూడోసారి ముల్లు నలభై దగ్గరికి రాగానే నా వెనక నేల ఎవరో లాగేసినట్టయింది. బండి సగం తిరిగి, అడ్డంగా ఆగింది. నేను భయంతో కళ్లు మూసుకున్నాను కాబట్టి చిట్టి చేతులు చూడలేదు. ఆ సంగతి ఒప్పుకుని, ఇంకోసారి వెళ్లమన్నాను.

ఈసారి రోడ్డు చూడలేదు, దాని చేతులే చూశాను. ముప్పై ఏళ్లుగా తిరిగే ఇనుము మీద కన్ను పెట్టి బతికినవాణ్ణి నేను. వెంట్రుకవాసి ఆలస్యమైనా నా కంటికి దొరుకుతుంది. తోక జారిన క్షణంలోనే దాని చేతులు తిరిగాయి. జారాక కాదు, జారుతుండగానే. అయినా బండి తిరిగిపోయింది. ఇంకోసారి వెళ్లాం, మళ్లీ అంతే. చేతులు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి, వెనక టైర్లు వినిపించుకోలేదు.

జాకీ పెట్టి టైర్లు మార్చాం. నట్లు చిట్టే బిగించింది. అదే గుండ్రం, అదే తడి, అదే నలభై. బండి తాడు కట్టినట్టు కోన్ల చుట్టూ తిరిగి వచ్చింది. మరోసారి వచ్చింది. ఆరోసారో ఏడోసారో లెక్క తప్పింది, చిట్టి ఆపడం లేదు. పక్కకి చూస్తే ఏడుస్తోంది. ఏడుస్తూనే నడుపుతోంది, చేతులు మాత్రం స్థిరంగా ఉన్నాయి.

చివరికి ఆపి, ఇంజను కట్టేసింది.

"ఆ రోజు నేను సరిగ్గానే తిప్పాను."

"సరిగ్గానే తిప్పావు. చూడకుండానే నోరు పారేసుకున్నాను. తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. అదే పెద్ద తప్పు. నన్ను క్షమించు, చిట్టీ."

క్షమించు అన్న మాట నా నోట మా ఆవిడ కూడా వినలేదు. అది అంత తేలిగ్గా కరిగిపోతుందని నేను అనుకోలేదు, కరగలేదు కూడా. ముక్కు తుడుచుకుంది.

"అన్నది అందరి ముందూ కదా. ఇది కూడా అక్కడే అను. ఎల్లుండి ట్రాక్ ఉంది."

శనివారం చిట్టి దరఖాస్తు ఇవ్వలేదు. పొద్దున్న షిఫ్టులో నాలుగు కేసులు తీసుకెళ్లిందని, నాలుగూ తనే నడిపిందని సాయంత్రం వాళ్ల వదినకి ఫోను చేసి చెప్పింది. వేళ్ల సంగతేమిటని మా ఆవిడ అడిగితే, వెచ్చగానే ఉన్నాయి వదినా అందట. నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి నేను చెప్పవలసిన రెండు ముక్కలు మనసులో అనుకుంటూ పడుకున్నాను.

ఆదివారం ట్రాక్ దగ్గర అప్పటివాళ్లే ఇంచుమించు అందరూ ఉన్నారు. బండ్ల మధ్య టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. చిట్టి హెల్మెట్ చంకలో పెట్టుకుని నా వైపు చూసింది. మాస్టారు కూడా వచ్చారు, నేను చెప్పానో లేదో చూసుకుందామని కాబోలు. నేను పక్కనే ఉన్న పాత టైరు ఎక్కి నిలబడ్డాను. ఒక్క నిమిషం వినమని అడిగితే అందరూ తిరిగి చూశారు.

"నెల కిందట ఇక్కడ మా చెల్లెలి చేతుల్ని తప్పుపట్టాను. దాని చేతుల్లో తప్పు లేదు. టైర్లు సగమే వేసింది నేను. తెలిశాక దానికి చెప్పకుండా దాచింది కూడా నేనే."

చివరి మాటకి వచ్చేసరికి నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. చిట్టి నన్ను కిందా మీదా చూసింది. ఇన్నాళ్ల తర్వాత దాని పెదవి చివర నవ్వు కనిపించింది.

"ఇంకాస్త గట్టిగా చెప్పు, అన్నయ్యా. వెనకవాళ్లకి వినపడలేదు."

మళ్లీ చెప్పాను.